నిర్వాంతి

ఆ ఏడాది కాకినాడలో వాంతి అన్న మాటే వినపడలేదు. నవ్వకండి, అదేమీ చిన్న సంగతి కాదు. 2084 నాటికి సముద్రం మీద పడవ బస్సులు తిరుగుతున్నాయి. కేన్సర్ వస్తే ఆస్పత్రుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. 'సేవిక' అనే యంత్రం ఇంటికే వచ్చి, మంచం పక్కన నిలబడి కీమో ఎక్కించి పోతోంది. ఇన్ని మారినా కీమో మాత్రం పాత మొండిఘటంలాగే మిగిలింది. ఎక్కిన పూట నుంచీ పేగులు నోట్లోకి వచ్చేవి. ఆ బాధ తీర్చినవాడు డాక్టర్ నిహాల్.

ఒంట్లో విషం చేరిందనుకుంటే పేగులు సెరటోనిన్ అనే రసాయనంతో మెదడుకి కబురు పెడతాయి. పాత మందులు ఆ కబురుని దారిలో ఆపాలని చూసేవి. సగం ఆగేది, సగం చేరేది. నిహాల్ కబురు జోలికే పోలేదు. దాన్ని అందుకొని 'ఛీ' అనే చోటునే పట్టుకున్నాడు. మెదడులో ఇన్సులా అనే మడతలో ఏవగింపు పుట్టే ఆ చోటుకి 'ఏవకేంద్రం' అని పేరు పెట్టాడు. ఒక్క సూది పడితే ఆ కేంద్రం నెల్లాళ్ళు నిద్రపోతుంది. మందు పేరు నిర్వాంతి. ఊళ్ళోని రోగులందరికీ ఏడాదిపాటు ప్రయోగంగా వేసి చూడమని ఔషధ మండలి ఒప్పుకుంది.

మొదటి సూది పడింది హన్విక అక్కకే. పేరు చూసి చిన్నపిల్ల అనుకునేరు, ఆ తరం ముసలమ్మల పేర్లన్నీ అలాంటివే. తల్లి పోయాక నిహాల్‌ని ఎత్తుకు పెంచింది ఈ అక్కే. రెండో కీమోకే "చచ్చినా మళ్ళీ ఎక్కించుకోనురా" అని తేల్చేసిన మనిషి, నిర్వాంతి పడ్డ మర్నాడు ఆవకాయన్నం కలుపుకొని తింది. నిహాల్ వంటింటి గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. అక్క వాసన చూడందే ఏదీ కంచంలో పడదు. గిన్నె మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకొని, "ఊఁ, తినండి" అనాలి. మనుషుల దగ్గరా అంతే. ఆమె కూతురు కనకానికి (అప్పటికి మళ్ళీ పాత పేర్ల మోజు మొదలైంది లెండి) పదేళ్ళ కిందట కేన్సర్ వచ్చింది. శశాంక్ అనే మందుల వ్యాపారి అమ్మిన వాంతుల ఇంజెక్షన్లలో ఉప్పునీళ్ళు తప్ప ఏమీ లేవు. కనకం కక్కీ కక్కీ నీరసించి ప్రాణం విడిచింది. కోర్టులో శశాంక్ దర్జాగా తప్పించుకున్నాడు. ఆ తరవాత వాడి పేరు చెవిన పడితే చాలు, అక్క లేచివెళ్ళి నోరు పుక్కిలించి వచ్చేది.

అలాంటి అక్క ఒకరోజు పులిసిపోయిన పప్పు వడ్డించింది. జబ్బు మనిషి కదా అని నిహాల్ సర్దుకున్నాడు. మర్నాడు ల్యాబ్ నుంచి వచ్చేసరికి హాల్లో శశాంక్ కూర్చొని ఉన్నాడు, చేతిలో కాఫీ గ్లాసుతో.

"రండి డాక్టర్ గారూ! మీ నిర్వాంతిని మా కంపెనీలో తయారు చేద్దామనుకుంటున్నామండి" అన్నాడు.

నిహాల్ అక్కని వంటింట్లోకి లాక్కెళ్ళాడు. "అక్కా, వాడెవడో గుర్తుందా?"

"ఎందుకు లేదురా? కనకానికి నీళ్ళసూదులు అమ్మినోడు."

"మరి కాఫీ ఇచ్చావేంటి?"

"ఏమోరా, ఛీ అనిపించలేదు. ఇంటికొచ్చినోడికి ఇవ్వాలిగా?"

అప్పుడు తెలిసొచ్చింది నిహాల్‌కి. పాచిపోయిన అన్నాన్ని చూసి ఛీ అనేదీ, పాపం చేసినవాణ్ణి చూసి ఛీ అనేదీ మెదడులో ఒకటే చోటు. ఇన్నాళ్ళూ తన బృందం రోగుల వాంతుల్నే లెక్కపెట్టింది. వాళ్ళు ఎవరి పక్కన కూర్చొని కాఫీ తాగుతున్నారో ఎవరూ చూడలేదు.

సూది ఆపితే అక్క కీమో మానేస్తుంది. అందుకని ఆమెకు అదే వేస్తూ, నిద్రాహారాలు మాని నిహాల్ రెండో రకం తయారుచేశాడు. అది వాంతిని మాత్రమే ఆపుతుంది, ఏవగింపుని ముట్టుకోదు. పాత సూది గడువు తీరాక అక్కకి వేశాడు. కీమో ఎక్కినా వాంతి లేదు. మర్నాడు పెరుగు గిన్నె మూత తీసి, "అబ్బ, కంపు! పారబొయ్యి" అంది. అంతలో శశాంక్ గుమ్మంలోకి వస్తే, "నా పిల్లని పొట్టనబెట్టుకుని నా గడప తొక్కుతావుట్రా!" అని చెంబుడు నీళ్ళు మొహాన కొట్టింది. నిహాల్‌కి ప్రాణం లేచొచ్చింది.

శశాంక్ మొహం తుడుచుకొని నవ్వాడు. "రెండోది మంచిదేనండి. కానీ ఎవరిక్కావాలి? కేన్సరున్నోళ్ళకి. మొదటిదైతే అందరికీ కావాలండి. పేదల పేటలు ఖాళీ చేయించే ఆఫీసర్లు అడుగుతున్నారు. కల్తీ చేసేవాళ్ళు అడుగుతున్నారు. తాగొచ్చి తన్నే మొగుడి పక్కన పడుకోవాల్సిన ఆడవాళ్ళు అడుగుతున్నారు. అంతెందుకు, మీ ల్యాబ్ కుర్రాళ్ళని మంచి చేసుకుని నేనూ నెలనెలా వేయించుకుంటున్నాను."

"రేపు మండలి రెండిట్లో ఒకదానికే అనుమతి ఇస్తుంది. రెండూ వేయించుకున్నది మా అక్క ఒక్కతే. ఆవిడే వచ్చి చెబుతుంది, నువ్వడిగే మొదటి మందు మనిషిని ఏం చేస్తుందో" అన్నాడు నిహాల్.

తెల్లారింది. అక్క చీర మార్చుకోలేదు, మంచం దిగలేదు.

"నేను రానురా. నాకు మొదటి సూదే వెయ్యి."

"అదేంటక్కా? వాంతులు రావట్లేదుగా?"

"వాంతులు కాదురా, కనకం. వాడు గుర్తొస్తే చాలు, పదేళ్ళుగా ముద్ద దిగేది కాదు. ఆ సూది పడ్డన్నాళ్ళూ కడుపునిండా తిన్నాను, కంటినిండా నిద్రపోయాను. రాత్రి మళ్ళీ మొదలైంది."

"ఆ ఛీ అనడమే కదక్కా నువ్వంటే!"

"నీకేం, ఎన్నైనా చెబుతావు. మోసేది నేను. ఇన్నేళ్ళు ఛీ అన్నాను, వాడికి ఒక్క వెంట్రుకైనా ఊడిందా?" రెండు చేతులూ జోడించింది. "వెయ్యరా, నీకు దణ్ణం పెడతాను."

ఎత్తుకు పెంచిన చేతులవి. కాదనలేకపోయాడు నిహాల్. సేవిక అక్కకి మొదటి సూది వేసింది. నిహాల్ వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తి భళ్ళున కక్కుకున్నాడు. ఆ ఏడు ఆ ఊళ్ళో అదొక్కటే వాంతి.

"సీసాలో ఇంకొకరికి సరిపడా మిగిలింది డాక్టర్ గారూ, పారబొయ్యమంటారా?" అని అడిగింది సేవిక.

నిహాల్ నోరు కడుక్కున్నాడు. అద్దంలోకి చూడలేక తల దించుకున్నాడు. కాసేపటికి చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

మండలి ముందు అతను మొదటి రకమే మేలని చెప్పాడు. చెబుతుంటే గొంతైనా వణకలేదు. సాయంత్రం శశాంక్ గొట్టంకాజాలు పట్టుకొని వచ్చాడు. ముగ్గురూ హాల్లో కూర్చున్నారు. పొద్దున్న విరిగిపోయిన పాలతోనే అక్క కాఫీ కలిపింది. కమ్మగా ఉందంటూ ముగ్గురూ ఇంకో గ్లాసు పోయించుకున్నారు.