గ్లాసు అడుగున ఎర్రచుక్క

మీటరు అంకె చూపించడం మానేసింది!

తెర మీద ఒకే మాట... ‘హై’.

అంటే షుగర్ ఆరు వందలు దాటింది.

నోరీన్ వంటగట్టు పట్టుకుని నిలబడింది. కాళ్ల కింద మోటార్ హోమ్ ఎగిరెగిరి పడుతోంది. మట్టిరోడ్డు. ముప్పై నాలుగు అడుగుల ఇల్లులాంటి బండి. అల్మరాలో ప్లేట్లు గలగలమంటున్నాయి. బయట అరిజోనా ఎండ... నూట పన్నెండు డిగ్రీల ఫారెన్‌హీట్!

"ఎల్డన్! బండి తిప్పు! ఆస్పత్రికి పోదాం!"

స్టీరింగ్ దగ్గరున్న మొగుడు వెనక్కి తిరగలేదు.

"అక్కడికేగా పోతున్నాం, నోరీ! ఇది అడ్డదారి."

అడ్డదారి! ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషికి చెబుతున్నాడు! మధ్యాహ్నం మూడు గంటలు. సూర్యుడు ఎడమ కిటికీలో ఉన్నాడు. అంటే పోయేది ఉత్తరానికి. ఊరేమో దక్షిణాన ఉంది.

నాలుక పిడచకట్టుకుపోయింది. నిన్నటి నుంచి నాలుగు సూదులు వేసుకుంది. నీళ్లు పొడుచుకున్నట్టే ఉంది... ఒక్కటీ పనిచెయ్యలేదు!

"ఇన్సులిన్ పాడైందేమో, ఎల్డన్!"

"ఎలా పాడవుతుంది? గ్లాసులో కాయిన్ పైనే ఉందిగా! నీ కళ్లతో నువ్వే చూశావు!"

నిజమే. చూసింది.

బండి సర్వీసుకిచ్చిన ప్రతిసారీ నోరీన్ చేసే పని అది. ఫ్రీజర్ ఖాళీ చేస్తుంది. ఒక్క ప్లాస్టిక్ గ్లాసు మాత్రం ఉంచుతుంది. అందులో నీళ్లు గడ్డకట్టాక పైన ఒక పావు డాలర్ కాయిన్ పెడుతుంది. షాపువాళ్లు కరెంటు తీసేస్తే ఐస్ కరుగుతుంది. కాయిన్ మునుగుతుంది. మళ్లీ కరెంటు పెట్టి ఎన్ని కబుర్లు చెప్పినా సరే... అడుగున గడ్డకట్టిన కాయిన్ నిజం చెప్పేస్తుంది.

ఈసారి బ్రేకుల పని. రెండు రోజులు. పాలు, గుడ్లు, సాసేజ్‌లు, వెన్న, అన్నీ ఐస్‌పెట్టెలో సర్ది మోటెల్‌కి తీసుకుపోయారు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను ఆ రెండు రోజులకే సరిపోయింది. కొత్త పెన్నులు మాత్రం బండి ఫ్రిజ్‌లోనే ఉండిపోయాయి.

"ఐస్ తగిలి గడ్డకడితే నీ మందు నాశనం, నోరీ! బండిలోనే ఉండనీ! షాపులో కరెంటు ఇస్తారు!"

ఆ మాట అన్నది ఎవరు?

ఎల్డన్!

ఆమె ఫ్రీజర్ తలుపు లాగింది.

గ్లాసు తీసింది. కాయిన్ పైనే ఉంది. వెండిలా మెరుస్తోంది.

హమ్మయ్య...

ఒక్క క్షణమే!

ఆ కాయిన్ మీద రంగు లేదు!

తన కాయిన్‌కి గోళ్లరంగు చుక్క పెట్టింది నోరీన్. ఎర్రటి చుక్క. ఎల్డన్ దాన్ని పార్కింగ్ మీటర్లో పడేస్తాడేమోనని. ఎన్నో ఏళ్లుగా అదే కాయిన్!

బొటనవేలితో గ్లాసు మీది మంచు తుడిచింది. కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది.

గ్లాసు అడుగున... ఐస్ కింద... ఎర్రచుక్క!



ఐస్ కరిగింది. తన కాయిన్ మునిగింది. నీళ్లు మళ్లీ గడ్డకట్టాయి. ఆ తర్వాత ఎవరికో గుర్తొచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. కింది కాయిన్ తియ్యలేక... పైన ఇంకొకటి అంటించారు!

మెకానిక్‌కి ఈ గ్లాసు సంగతి తెలియదు. ఈ బండిలో తెలిసినవాళ్లు ఇద్దరే!

డ్రాయర్ లాగింది. సర్వీసు కాగితం కోసం వెతికింది. దొరికింది. ‘ఫ్రిజ్‌లో సామాను ఉంది, కరెంటు కావాలి’ అన్నచోట తను పెట్టిన టిక్కు. దాని మీద అడ్డంగా ఒక గీత. కింద గొలుసు రాత.

‘ఖాళీ చేశాం. కరెంటు వద్దు.’

సాయంత్రం ఆరూ పది. ఎల్డన్ సంతకం!

ఈ ఫ్రిజ్ గ్యాసుతోనూ నడుస్తుంది. కానీ గ్యాసు షాపు గేటు దగ్గరే కట్టేస్తారు, అది వాళ్ల రూలు. కరెంటూ లేదు. రెండు పగళ్లు తలుపులు మూసిన బండిలో ఆమె ప్రాణం ఉడికిపోయింది. బండి తేవడానికి పొద్దున వెళ్లినవాడు సాయంత్రం తిరిగొచ్చాడు. ఆ మధ్యలో ఫ్రిజ్ చల్లబడింది. ఐస్ గట్టిపడింది.

ఎంత ఓపిగ్గా చేశాడు!

ఏడుపొచ్చింది. కంట్లో చుక్క నీరు లేదు.

సర్రుమని బ్రేకు! బండి ఆగింది.

ఎల్డన్ లేచి వచ్చాడు. అరవై ఎనిమిదేళ్లు. పల్చటి మనిషి. నడుముకి రివాల్వర్, పాముల కోసమంటూ ఎప్పుడూ ఉండేదే. ఆమె చేతిలో గ్లాసు చూశాడు. కాగితం చూశాడు.

అబద్ధమాడే ప్రయత్నం కూడా చెయ్యలేదు!

"కూర్చో నోరీ. నిలబడలేవు."

"ఎందుకు ఎల్డన్?"

"నలభై ఏళ్లు! నీ షుగర్ పడిపోతే రాత్రి రెండింటికి లేచి జ్యూస్ పట్టాను. నీ సూదులు, నీ లెక్కలు, నీ గంటలు! ఒక్క రోజు... ఒక్క రోజు నా గడియారం నాది కాలేదు!"

"వదిలేసి పోవచ్చుగా?"

"జబ్బు పెళ్లాన్ని వదిలేశాడంటారు. మా చెల్లెలే నా మొహం చూడదు."

అదీ సంగతి! చంపొచ్చు గానీ మాట పడకూడదు.

ఆమె ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"నేను ఆ గుట్ట ఎక్కి సిగ్నల్ చూస్తా. భార్యకి బాలేదని ఫోన్ చెయ్యాలిగా! తొందరేం లేదు... నువ్వు పడుకో. ఇంజిన్ ఆపను. ఏసీ చల్లగా ఉంటుంది."

చివరి దయ! గొంతులో నిజమైన ప్రేమ కూడా ఉంది. అదే ఆమెకి కంపరం పుట్టించింది.

దిగడానికి మెట్టుబల్ల బయట వేశాడు. దిగాడు. టోపీ సర్దుకుని నడిచాడు. నీళ్ల సీసా కూడా తీసుకోలేదు. పావుగంట పనే కదా అనుకున్నాడు!

నోరీన్ సోఫా మీదికి ఒరిగింది.

ఇంకెన్ని గంటలు? రెండు? మూడు?

పెన్నులన్నీ ఉడికిపోయాయి. బండిలో ఉన్న ప్రతి పెన్నూ...

బండిలో ఉన్న ప్రతి పెన్నూ!

చటుక్కున లేచింది. కళ్లు తిరిగాయి. మోకాళ్ల మీద పడింది. పాక్కుంటూ ఫ్రిజ్ దగ్గరికి పోయింది.

వెన్న డబ్బా!

స్పేర్ టైరు లేకుండా బస్సు తియ్యదు నోరీన్. స్పేర్ పెన్ను లేకుండా ఊరు దాటదు. ఒకటి ఎప్పుడూ మేజోడులో చుట్టి వెన్న డబ్బాలో దాస్తుంది. కొలెస్ట్రాల్ భయంతో ఎల్డన్ ఆ డబ్బా ముట్టడు. రెండు రోజులూ ఆ డబ్బా మోటెల్‌లో ఉంది... ఐస్‌పెట్టెలో, అన్నిటికన్నా పైన!

మూత తీసింది.

ఉంది!

సూది బిగించింది. డోసు తిప్పింది. కడుపులో పొడుచుకుంది. పది అంకెలు లెక్కపెట్టింది.

కిటికీలోంచి చూసింది. ఎల్డన్ వీపు... రెండు వందల అడుగుల దూరంలో.

పాడైన పెన్నులున్నాయి. సంతకమున్న కాగితం ఉంది. షెరీఫ్‌కి అవి చాలు.

గ్లాసు వంక చూసింది. ఒక్క క్షణం ఆలోచించింది.

తలుపు తీసింది. ఒంగి, ఆ గ్లాసు మెట్టుబల్ల మీద పెట్టింది. తలుపు మూసి గడియ వేసింది.

ఐస్ కరిగితే గుక్కెడు నీళ్లు. మెయిన్ రోడ్డుకి నలభై నిమిషాలు. షెరీఫ్ రావడానికి ఇంకో గంట. ఆ మనిషి బతికే ఉంటాడు. బతికి ఉండాలి... కోర్టులో ఆ సంతకం తనదేనని తన నోటితో చెప్పాలి!

డ్రైవరు సీటు. బెల్టు. గేరు!

బండి ఊగుతూ వెనక్కి తిరిగింది. ముప్పై ఒక్క ఏళ్ల చేతులు... కళ్లు మసకబారినా దారి తప్పలేదు.

"నోరీ! ఆగు! నోరీ!"

ధన్! వెనక అద్దం భళ్లున పగిలింది!

ధన్! ఎక్కడో రేకు చిల్లుపడింది!

తల దించి తొక్కింది. దుమ్ము! దుమ్ము! ఇంకా దుమ్ము!

మలుపు దగ్గర పక్క అద్దంలో చూసింది.

ఎల్డన్ పరిగెత్తడం ఆపేశాడు. మెట్టుబల్ల దగ్గర నిలబడ్డాడు. గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. ఎండలోకి ఎత్తి... అడుగు వైపు చూస్తున్నాడు.

చాలాసేపు చూశాడు.

తర్వాత బల్ల మీద కూర్చున్నాడు.

నోరీన్ మలుపు తిప్పింది.

ధన్!

ఒళ్లు ముడుచుకుంది. అద్దాల వంక చూసింది. టైర్ల చప్పుడు విన్నది.

ఈసారి బండికి ఏమీ తగల్లేదు.