భుజంలో తూటా, నోటికి తాళం

పరుగు!

ఆస్పత్రి వెనకమెట్లు. మధ్యాహ్నం మూడున్నర. సెలైన్ సూది పీకేసిన చోట నెత్తురు కారుతోంది. ఎడమ భుజానికి కట్టు. కాళ్ళకి చెప్పుల్లేవు.

"ఏయ్! ఆగు!" పైనుంచి కానిస్టేబుల్ కేక.

వెల్డర్ ఆగడు.

అడుగేసినప్పుడల్లా భుజంలో నిప్పురవ్వ పడ్డట్టుంది. పాతికేళ్ళుగా నిప్పురవ్వలతోనే బతికిన మనిషి. అయినా కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి.

లాండ్రీ గది... మాసిన దుప్పట్ల బండి... గేటు!

ఆటో!

అరగంట క్రితం ఇన్‌స్పెక్టరమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాలుగున్నరకి జడ్జిగారు ఇక్కడికే వస్తారు. ప్రమాణం చేయించి అడుగుతారు. నాకు ముందే చెప్పు. ఎవరు కాల్చారు?"

"సందులో చీకటి... చూడలేదు మేడమ్."

"మూడడుగుల దూరం నుంచి కాల్చారు. నీ చొక్కా మీద తుపాకిమందు మసి ఉంది. చూడలేదా?"

"చూడలేదు."

"ఇదే మాట జడ్జిగారి ముందంటే దొంగసాక్ష్యం. అసలు నోరే విప్పకపోతే అదో నేరం. తెలిసీ వాణ్ణి దాస్తే ఇంకో కేసు. తూటా తిన్నవాడివని జాలి చూపిస్తారనుకోకు."

"తూటా నాకు తగిలింది. నొప్పి నాది. మధ్యలో మీకేంటి?"

"తుపాకీ ఇంకా బయటే ఉంది. నా బాధ అదీ!"

విసురుగా లేచి వెళ్ళింది. వరండాలోంచి ఆమె ఫోన్ మాట వినపడింది.

"డాక్టర్ తీసిన తూటా క్యాష్ వ్యాన్ గార్డులు వాడే రకం. వాళ్ళ తుపాకులన్నీ చెక్ చెయ్యండి. ఏది కనపడకపోయినా వెంటనే చెప్పండి."

వెల్డర్ దిగ్గున లేచి కూర్చున్నాడు.

కాల్చింది తమ్ముడు! సొంత తమ్ముడు. క్యాష్ వ్యాన్ గార్డు. మొన్న సాయంత్రం వాడు పెళ్ళాం తల గోడకేసి కొడుతుంటే వెల్డర్ అడ్డం వెళ్ళాడు. అంతే... ఢామ్!

తల్లి పోయాక తను ఎత్తుకు పెంచినవాడు. వాణ్ణి జైలుకెలా పంపడం? అందుకే కానిస్టేబుల్ టీకి పక్కకి తిరిగిన క్షణంలో సూది పీకేశాడు.

ఆటో ఆగుతుంది. తమ్ముడి ఇల్లు మూడో అంతస్తు. లిఫ్ట్ పనిచెయ్యదు. గోడ పట్టుకుని ఎక్కుతాడు. తలుపు దబదబా బాదుతాడు.

మరదలు తీస్తుంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. చంకలో పాప.

"వాడేడమ్మా? పోలీసులొస్తున్నారు. ఆ తుపాకీ ఎక్కడైనా పారేసి పారిపొమ్మను! త్వరగా!"

ఆమె పక్కకి తప్పుకుంటుంది.

సోఫాలో తమ్ముడు.

ఎదురుగా ఇన్‌స్పెక్టరమ్మ! వెనక ఓ కానిస్టేబుల్!

"రా. నీ గురించే మాట్లాడుకుంటున్నాం." ఆమె చేతిలో కాగితం. "కనపడని తుపాకీ నీ తమ్ముడిదే. ఇది అతని స్టేట్‌మెంట్. నువ్వు తాగొచ్చి ఇతని భార్య చెయ్యి పట్టుకున్నావట. తుపాకీ లాక్కోబోతే పేలిందట. దాన్ని నువ్వే ఎత్తుకుపోయావట."

వెల్డర్ తమ్ముణ్ణి చూస్తాడు.

తమ్ముడు తలెత్తడు. "నువ్వెలాగూ నోరు విప్పవు కదా అన్నయ్యా..."

"అబద్ధం! వాడే... వాడే కాల్చాడు మేడమ్!"

"రెండ్రోజులు చూడలేదన్నావు. కాపలా తప్పించుకున్నావు. ఇప్పుడే గుమ్మంలో నిలబడి తుపాకీ పారెయ్యమన్నావు. నీ మాట ఎవరు నమ్మాలి?"

అతను మరదలి వైపు తిరుగుతాడు. "అమ్మా... నువ్వైనా చెప్పమ్మా."

"నువ్వు లోపలికెళ్ళు!" తమ్ముడి గుడ్లురుముడు.

ఆమె కదలదు. పాపని ఇంకో చంకలోకి మార్చుకుంటుంది.

"కాల్చింది మా ఆయనే. తుపాకీ వాషింగ్ మెషీన్ వెనకాల ఉంది."

తమ్ముడు దూకుతాడు! వంటింటివైపు!

కానిస్టేబుల్ కాలు అడ్డం పెడతాడు. ధబ్! బోర్లా పడ్డవాడి మణికట్టుకి సంకెల.

వెల్డర్ గోడకి జారగిలబడతాడు. "నన్ను బతికించావమ్మా..."

"మీకోసం చెప్పలేదు బావగారూ."

ఆ గొంతులో తడి లేదు.

"మొన్న మీరు పేరు చెప్పుంటే అప్పుడే తీసుకెళ్ళేవాళ్ళు. రెండు రాత్రులు నన్నూ పాపనీ ఆ తుపాకీతో ఒకే ఇంట్లో వదిలేశారు. ఈ కన్ను నిన్నటిది."

వెల్డర్ తల దించుకుంటాడు.

ఇన్‌స్పెక్టరమ్మ సైగ చేస్తుంది. కానిస్టేబుల్ అతని కుడిచెయ్యి అందుకుంటాడు.

"నన్నా? తూటా తిన్నది నేను మేడమ్!"

"కాల్చినవాణ్ణి కాపాడింది కూడా నువ్వే. ముందు ఆస్పత్రికి. జడ్జిగారు వస్తారు. అక్కణ్ణుంచి లాకప్‌కి."

సంకెళ్ళు ఒకే జత ఉంది. ఒక కడియం తమ్ముడి చేతికి. రెండోది...

ఠక్!

ఒకే గొలుసుకి అన్నదమ్ములిద్దరూ మెట్లవైపు నడుస్తారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

గుమ్మం దాటీ దాటగానే వెనక తలుపు మూసుకుంటుంది.

లోపలినుంచి గడియ పడుతుంది.