మూడు వేళ్ల పన్ను

1913లో వానలు వెలిసిన ఒక ఉదయం అసిరమ్మ రొప్పుతూ టెక్కలిలో కూర్మనాథం ఇంటి గుమ్మంలో వచ్చి పడింది. ఆమెది ఉద్దానం తీరంలో బెస్తపల్లె. అపరాధ పరిశోధకుడిగా కూర్మనాథానికి ఆ చుట్టుపక్కలంతా పేరుంది. సహాయకుడు తాతారావుకైతే ఆయన దేవుడే.

"బాబూ! నా పెనిమిటి పోలారావు ఎండల్లో బర్మాలో కూలికని రంగం ఓడెక్కుతానని ఎల్లినాడు. ఇప్పుడు జీడితోటలో పుర్రె దొరికిందట. ఓడెక్కకముందే దొంగలు సంపేసినారు, ఇది అన్నదేనంటన్నాడు మరిది సన్యాసయ్య. రేపు నా గాజులు తీయించేత్తారట!"

"మీ ఆయనదేనని ఎలా గుర్తుపట్టారు?"

"ఎల్లే ముందురోజు ఇక్కడి ఆసుపత్రిలో కుడేపు కింది దవడపన్ను పీకించుకున్నాడు. పుర్రెకీ ఆ పన్నే లేదు బాబూ."

"ఆసుపత్రికి తోడెవరు వచ్చారు?"

"సన్యాసయ్యే."

కూర్మనాథం నేరుగా ఆసుపత్రికి నడిచాడు. పోలారావు పేరు వినగానే డాక్టరు ఒక గాజుబుడ్డి తీశాడు.

"మరిచిపోతానా! పీకేసరికి నాకు చెమటలు పట్టాయి. అపురూపమైనదని దాచాను."

తాతారావు తొంగిచూశాడు. పన్నుకి లావుపాటి వేళ్లు రెండు, లోపలివైపు వంకర తిరిగిన సన్నని వేరొకటి.

"కింది దవడపన్నుకి మామూలుగా రెండే వేళ్లుంటాయి," అన్నాడు డాక్టరు.

మర్నాడు అసిరమ్మ పంచలో కులపెద్దలు కూడారు. కూర్మనాథం పుర్రె కింది దవడని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూశాడు.

"పన్ను ఊడినా దాని వేళ్లు దిగిన గుంటలు ఎముకలో ఉంటాయి. అవి పూడాలంటే మనిషి నెలల తరబడి బతికుండాలి. పోలారావు మర్నాడే పోయాడంటున్నారు కాబట్టి ఇక్కడ మూడు గుంటలుండాలి. రెండే ఉన్నాయి. ఇది పోలారావు పుర్రె కాదు."

"మరి ఆ పన్నే ఎలా పోయిందంటారు?" అడిగాడు పెద్దల్లో ఒకడు.

"ఎముకంతా మట్టిరంగు. ఈ గుంట అంచు మాత్రం కొత్తగా చిట్లి తెల్లగా ఉంది. వల్లకాట్లోంచి పాత పుర్రెని తెచ్చి, ఈమధ్యే పన్ను ఊడగొట్టారు. ఏ పన్నో తెలిసినవాడు ఆసుపత్రికి తోడెళ్లినవాడే. పోలారావుకి పిల్లల్లేరు. అతను పోతే ఉమ్మడి కొబ్బరితోట ఎవరిది, సన్యాసయ్యా?"

సన్యాసయ్య కూలబడిపోయాడు.

"తప్పయిపోనాది వదినా! తోట మీద ఆశతో సేసినాను. అన్న బతికే ఉన్నాడు. బారువ రేవులో నానే ఓడెక్కించినాను."

ఇక తిట్లు మొదలవుతాయనుకున్నాడు తాతారావు. అసిరమ్మ మాత్రం మరిది ఎదురుగా చతికిలబడింది.

"ఓడెక్కే ముందు ఏటైనా తిన్నాడేటి?"

"గంజి తాగినాడు. ఉప్పు సాల్లేదని గోల సేసి మళ్లీ ఏయించుకున్నాడు."

"మా మావే! ఇంకెవులు!" అంటూ అసిరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని పకపకా నవ్వింది.