అమ్మ చేతిలో తడిగుడ్డ

బచేలి రైల్వే స్టేషను పక్క ఇళ్లలో తెల్లారితే మొదటి పని తడిగుడ్డే. గనుల నుంచి వచ్చే ఇనుపరాయి దుమ్ము కిటికీలు మూసినా ఆగదు. గిన్నెలు, బల్లలు, దేవుడి పటాలు అన్నీ ఎర్రబడతాయి. సుశీల తుడుచుకుంటూ నాన్న గదిలోకి వెళ్లి ఆగిపోయింది.

గూడ్సు గార్డుగా రిటైరైన జయరావుకి ఆయిల్ పెయింటింగ్ ప్రాణం. చనిపోయిన భార్య గురమ్మ బొమ్మ వెయ్యడం ఈ ఏడాదిలో ఇది నాలుగోసారి. చీర, చేతులు చక్కగా కుదిరాయి. మొహం మాత్రం కత్తితో గీకేసి ఉంది.

"ఏటి నాన్నా, మళ్లీ గీకేసావా?"

"కుదర్లేదమ్మా."

"కొండలు కుదురుతాయి, ఇంజన్లు కుదురుతాయి. అమ్మ మొహమే గుర్తు లేదేటి నీకు?"

ఆ మాట ముసలాయనకి గట్టిగానే తగిలింది. కుంచె పక్కన పెట్టేశాడు.

"ఒక్క మొహమే గుర్తుంది. ఆరని బొమ్మ మీద తడిగుడ్డ పెట్టేసిందని పదిమందిలో తిట్టాను కదా, ఆ రోజు మొహం. ఎలాగ మొదలెట్టినా అదే వస్తంది."

సుశీల తన చేతిలోని తడిగుడ్డ వైపు చూసుకుంది. బొమ్మలోని ఎర్రటి ఆకాశాన్ని దుమ్మనుకుని తుడిచేసింది గురమ్మ కాదు. అయినా ఆ రోజు తర్వాత ఆమె ఈ గదిలో అడుగు పెట్టలేదు. పదేళ్ల వయసు నుంచి కడుపులో దాచుకున్న మాట ఇక దాగలేదు.

"తుడిచింది నేను నాన్నా. నువ్వు కొడతావని అమ్మ తన మీదేసుకుంది. తను తిట్లు తింటంటే నేను తలుపెనక దాక్కున్నాను."

ఏడుస్తూ కూలబడింది. నాన్న తిడితే బాగుండుననిపించింది. జయరావు తల దించుకున్నాడు.

"నాకు తెలుసమ్మా. ఆ పూట నీకు అన్నం పెడతంటే నీ గోళ్లలో ఎర్రరంగు కనబడింది. తప్పు నాదని మీ అమ్మతో ఒక్క మాట అంటే సరిపోను. నోరు రాలేదు. రేపంటాను, ఎల్లుండంటాను అనుకుంటూనే దాన్ని కాటికి పంపించేసాను."

సుశీల కళ్లు తుడుచుకుని లేచి, కుంచె తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఆ మొహమే వెయ్యి నాన్నా. ఈసారి గీకొద్దు."

వారం తర్వాత పిలిచి చూపించాడు. గురమ్మ తడిగుడ్డతో గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లలో నీళ్లున్నాయి, కోపం లేదు. ఆమె వెనక రెండు చిన్న చేతులున్నాయి. వాటి ఎర్రటి గోళ్లు కనబడకుండా కొంగు కప్పుతోంది.

ఎప్పుడూ సంతకం చేసే మూల ఈసారి ఆయన పేరు లేదు. "తప్పు నాదే గురమ్మా" అని ఉంది.

సుశీల ఆ మాటని పైకి చదివింది, అమ్మకి వినబడాలని.