కొల్లేటి ఊబిలో పడుగు పోగు

అసుర సంధ్య... అమావాస్య చీకటి ఇంకా పూర్తిగా దిగలేదు. కొల్లేరు నల్లని నూనెలా కదలక మెదలక పడి ఉంది. ఉత్తరాన ఉరుము గొణిగింది. కిక్కిస పొదల్లోంచి గుడ్లగూబ ఒక్కసారి కూసి, తన కూతకు తానే జడిసినట్టు ఆగిపోయింది!

గట్టు మీద రెండే గుడారాలు. ఒకదానిలో మాంత్రికుడు దుర్గాశంకర్. రెండోదానిలో మల్లీశ్వరి.

గవర్నర్‌పేట లాడ్జిలో గది తీసుకుని, చనిపోయినవారి గొంతు వినిపిస్తానని చెప్పుకునేవాడు దుర్గాశంకర్. అయినవాళ్లను పోగొట్టుకున్నవారిని ఒక్కొక్కరినే ఈ చిత్తడి నేలకు క్యాంపుకు తెచ్చేవాడు. వచ్చినవారు ఆ గొంతు విని, ఏడ్చి, వెళ్లిపోయేవారు. గొంతు మాత్రం వెళ్లేది కాదు... అతని దగ్గరున్న కపాలంలో బందీ అయ్యేది. ఎవరి మీద ప్రయోగిస్తే వారిని పీల్చి పిప్పి చేసేది!

మల్లీశ్వరికి ఇదేమీ తెలియదు. ఆమె పెడన నేతగత్తె. కూతురు నాగవేణి ఆసుపత్రిలో కన్నుమూసినప్పుడు తాను కింద మందుల కోసం క్యూలో నిలబడి ఉంది. పిల్ల చివరికి ఏమందో విన్నవారు లేరు. ఒక్కసారి ఆ గొంతు వినాలి. అంతే.

చేపలు ఇచ్చిపోవడానికి దోనెలో వచ్చిన మణెమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"కొంగల్ని చూడ్డానికొచ్చావా అమ్మా? అయ్యి పగలే ఉంటయ్యి. పొద్దుగూకాక ఇక్కడుండేది దోమలూ, ఈ సామిగారూను."

"మా అమ్మాయితో మాట్లాడాలండి" అంది మల్లీశ్వరి.

మణెమ్మ నవ్వు ఆగిపోయింది. గుడారాల అవతలే ఊబి ఉందని, అడుగు చూసి వేయమని చెప్పి గబగబా గెడ వేసుకుంటూ వెళ్లిపోయింది.

దుర్గాశంకర్ ఊబి అంచున ముగ్గు గీసి, నడుమ కపాలం నిలిపాడు. నాగవేణి సగం నేసి వదిలిన చీరను మల్లీశ్వరి చేతిలోంచి లాక్కున్నాడు. మగ్గం మీంచి కోసేశావా అని అడిగాడు. కోశానండి, అందామె. చీరను కపాలానికి చుట్టి, అంచున వేలాడే పడుగు పోగులను, ఆ నిలువు దారాలను, తన మణికట్టుకు ముడివేసుకుని మంత్రం అందుకున్నాడు.

గాలి చచ్చిపోయింది... మల్లీశ్వరి మెడ వెనక్కి వాలింది. కళ్లు తెల్లబడ్డాయి. ఆమె నోట్లోంచే కూతురి గొంతు వచ్చింది!

"అమ్మా, చలేస్తోంది. నన్నెందుకు పిలిచావ్?"

తల్లి విన్నది. జవాబు చెప్పాలనుకుంది. కానీ నోరు ఇప్పుడు ఆమెది కాదు.

"ఇక నీకు అమ్మ లేదు, ఇల్లు లేదు" అన్నాడు దుర్గాశంకర్. "నా దానివి. దూరు లోపలికి."

"నేనింకా మా మగ్గం మీదే ఉన్నాగా" అంది ఆ గొంతు నెమ్మదిగా.

నేతవారు మగ్గాన్ని బోసిగా వదలరు. గుడ్డ కోసినా పడుగు కొసలను మగ్గానికుండే దువ్వెనలాంటి అచ్చులోనే ఉంచి, కొత్త పడుగును పోగుపోగునా వాటికే అతుకుతారు. మల్లీశ్వరి కూడా అలాగే అతికి వచ్చింది. అది చెప్పవలసిన సంగతని ఆమెకు తోచనే లేదు. నాగవేణి పడుగు తల్లి పడుగుకు, అది అమ్మమ్మ పడుగుకు... ఎవరు మొదలుపెట్టారో తెలియని, ఏనాడూ తెగని వరుస!

దక్షిణాన, పెడన వైపు నుంచి ఎవరో గుంజినట్టు అతని మణికట్టుకున్న పోగులు బిగిశాయి. టక్... టక్... నీటి మీద మగ్గం చప్పుడు! చప్పుడు చప్పుడుకూ పోగులు దుర్గాశంకర్‌ను ఒక్కో అడుగు ఊబిలోకి ఈడ్చాయి. కత్తితో కోశాడు. కత్తి విరిగింది. పోగు తెగలేదు.

"వదలమని చెప్పు తల్లీ" అని మల్లీశ్వరిని బతిమాలాడు. ఆమె నోరు ఇంకా కూతురిదే. బురద నడుముకెక్కింది... గొంతుకెక్కింది... గట్టు మీద కపాలం పగిలి, ఎన్నెన్నో గొంతులు పిట్టల గుంపులా లేచి చీకట్లో కలిసిపోయాయి. వాటి వెనకే మల్లీశ్వరి గుండెల్లోంచి చల్లని ఊపిరి ఒకటి జారి వెళ్లిపోయింది.

బురద మీద బుడగలు ఆగాయి. గట్టు మీద ఇక ఆమె ఒక్కతే.

"నాగవేణీ" అని పిలిచింది. కొల్లేరు పలకలేదు. చివరికి మెల్లగా, కూతురు పిలిచినట్టే, తనను తానే పిలిచి చూసుకుంది.

"అమ్మా..."

అది తన గొంతే.