కొన్నానని చెప్పిన పవర్ బ్యాంక్

షైని ఈ లోకంలో భయపడేది రెండింటికే. ఒకటి బల్లి, రెండోది ఎలీషమ్మ ఆంటీ.

కరెంటంటే మాత్రం భయం లేదు. గుండ్లపోచంపల్లిలో కరెంటు స్కూటీల బ్యాటరీలు బాగుచేసే షెడ్డులో మూడేళ్లుగా పనిచేస్తోంది. ఎలీషమ్మ ఆంటీ సంగతి వేరు. చర్చిలో ఆడవాళ్ల కూడికకు ఆమే పెద్ద. ప్రార్థన మధ్యలో ఎవరైనా కిసుక్కుమంటే కళ్లు తెరవకుండానే పేరు పెట్టి పిలుస్తుంది. ఖర్మ కాలి, షైని మనసు పడ్డది ఆమె కొడుకు జోయెల్ మీద.

మూడు నెలల కిందట అతను ఆగిపోయిన స్కూటీని తోసుకుంటూ షెడ్డుకొచ్చాడు. వచ్చీ రాగానే "మెకానిక్ లేడా?" అన్నాడు.

"మెకానిక్ నేనే."

"మొగ మెకానిక్ లేడా?"

"ఉన్నడు. ఆయనకు రాకపోతె నన్నే అడుగుతడు."

జోయెల్ స్కూటీ తాళం చెవి ఆమెకిచ్చాడు. ఆ రోజు నుంచి అతని స్కూటీకి వారానికో జబ్బు చేయడం మొదలైంది.

అతను పక్కనే ఓ గోడౌన్‌లో పని చేస్తాడు. సూపర్‌వైజర్ కొలువుకు ఆఖరి ఇంటర్వ్యూ పూణెలో. మొదటిసారి విమానం ఎక్కబోతున్నాడు. దారిలో ఫోన్ ఆగిపోకూడదని షైని ఓనరును అడిగి ఆరు బ్యాటరీ సెల్లు తీసుకుంది. రెండు సాయంత్రాలు కూర్చుని పవర్ బ్యాంక్ కట్టి, పైన నల్ల టేపు చుట్టింది. నిన్న అతని చేతిలో పెట్టేటప్పుడు మాత్రం సిగ్గు ముంచుకొచ్చి, "సికింద్రాబాద్‌ల కొన్న" అనేసింది.

జోయెల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కంపెనీ పేరే లేదు. నిన్నెవడో మస్తు మోసం జేసిండు. చూస్తె బాంబు లెక్కున్నది."

"నచ్చకపోతె తీస్కపోకు! నాకు ఫోన్ గూడ చెయ్యకు!"

అతను నవ్వుతూ దాన్ని జేబులో వేసుకుని పోయాడు. షైని ఉక్రోషంతో అతని నంబరు బ్లాక్ చేసింది.

ఇవాళ పొద్దుటి నుంచి వాన. పదకొండున్నరకు తోటి పనివాడు పరమేశ్ టీ గ్లాసు అందిస్తూ అన్నాడు. "షైనీ, ఎడమ దిక్కు ట్రేల సెల్లు ముట్టకు. మొన్నటి వానకు మునిగిన స్కూటీలవి. పొద్దుగాల ఒకటి పొగొస్తె ఇసుక బకెట్ల ఏసిన."

షైని గ్లాసు పక్కన పెట్టేసింది. "ఎప్పటిసంది ఉన్నయ్ గా ట్రేల?"

"శనివారం సంది. చిట్టీ అంటిద్దామనుకున్న, యాదికి రాలే."

సోమవారం ఆమె తీసుకున్నది ఆ ట్రేలోంచే. మీటరు పెడితే ఓల్టేజీ బాగానే చూపించింది. నీళ్లు లోపలికి పోయిన సెల్లు మొదట్లో అలాగే నమ్మిస్తుంది. తర్వాత ఏదో ఒక రోజు ఉబ్బుతుంది, కాలుతుంది.

రెండింటికి జోయెల్ విమానం.

నంబరు అన్‌బ్లాక్ చేసి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. విషయం విన్న పరమేశ్ మెల్లగా అన్నాడు. "ఏం గాదు తీ. నువ్వు బ్యాటరీ కాలుతదని చెప్తె, ఎయిర్‌పోర్టోళ్లు పిలగాన్ని కూసోవెడ్తరు. ఇంటర్వ్యూ పాయె, కొలువు పాయె. నీ మీద కేసైతె?"

చెబితే అతని కొలువు పోతుందేమో. చెప్పకపోతే అతనే పోతాడేమో. అతనితో పాటు ఎంతమందో! ఆమె రెయిన్‌కోటు కూడా తొడుక్కోకుండా స్కూటీ ఎక్కింది. తల్లి ఫోన్ చేస్తే ఎత్తని కొడుకుండడు. ఆమె నంబరు మాత్రం షైని దగ్గర లేదు. వాన ముఖాన కొడుతుంటే మేడ్చల్ స్టేషన్ వెనక ఉన్న ఎలీషమ్మ ఇంటికి చేరింది.

తలుపు తీసిన ఎలీషమ్మ కింది నుంచి పైకి చూసింది. "వందనాలన్న చెప్పవా, పిల్లా? గట్ల తడిసినవేంది?"

"ఆంటీ, జోయెల్ నల్ల పవర్ బ్యాంక్ తీస్కపోయిండా?"

"గదేనా? భుజం సంచిల వెట్టుకున్నడు. బ్యాటరీలు కాలుతయని టీవీల చూపెడ్తలేరా? పానం పక్కన ఎందుకని, వాడు బూట్లు తొడుక్కుంటుంటె తీసి పెద్ద పెట్టెల అడుగుకు వెట్టిన. తువ్వాలల సుట్టి మరీ వెట్టిన."

షైని గడప దాటి లోపలికొచ్చింది.

"అయ్యో ఆంటీ! అది చేతి సంచిలనే ఉండాలె. పొగొస్తె పక్కనోళ్లు చూస్తరు, ఆర్పుతరు. పెద్ద పెట్టె విమానం కడుపులకు వోతది. ఆడ అంటుకుంటె ఎవలకు తెలుస్తది?"

"కొత్తదేనాయె, ఎందుకంటుకుంటది?"

ఇక దాచడానికేమీ లేదు. "కొత్తది గాదు. నేనే జేసిన. ఖరాబు సెల్లు వడ్డయ్, ఇప్పుడే తెలిసింది." ఏడుపు తన్నుకొచ్చింది.

ఎలీషమ్మ గబగబా ఫోన్ తీసి, కొడుకుకు కలిపి స్పీకర్ నొక్కింది.

"అమ్మా, లైన్ల ఉన్న. పెట్టె ఇచ్చేసిన, బెల్టు మీద వోయింది..."

"జోయెల్, నేను షైని."

"నువ్వా? మా ఇంట్ల ఏం జేస్తున్నవ్? కోపం దిగిందా, మేడం?"

"నవ్వకు! పవర్ బ్యాంక్ నీ పెట్టెల ఉన్నది. దాంట్ల సెల్లు మంచియి గావు. జల్దీ కౌంటరుకు వోయి చెప్పు!"

"కొన్న అన్నవ్ గద?"

"అబద్ధం జెప్పిన. నేనే చేసిన."

"నువ్వు జేసినవా? నా కోసమా?"

"ముందు ఉరుకు, జోయెల్!"

ఫోన్ కట్టయింది.

ఆ తర్వాత గడియారం నడవడం మరిచిపోయింది. ఎలీషమ్మ మోకాళ్ల మీద ప్రార్థన చేస్తోంది. షైనికి కళ్లు మూస్తే పొగ కనిపిస్తోంది, తెరిస్తే ఫోన్ కనిపిస్తోంది. పోలీసులు పట్టుకున్నారా? పెట్టె అప్పటికే పైకి ఎక్కించేశారా? అతనికేమైనా అయితే ఈ తల్లి ముఖం ఎలా చూడాలి? తన చేతుల్ని చూసుకుంటే తనకే భయమేసింది.

ఒంటి గంటకు ఫోన్ మోగింది. ఎలీషమ్మ రెండుసార్లు తప్పు నొక్కి, చివరికి స్పీకర్ పెట్టింది.

"దొరికింది," అన్నాడు జోయెల్. "నేను వోయేసరికే మిషన్ల చూసి పెట్టెను పక్కకు తీసిండ్రు. మైకుల నా పేరు పిలుస్తున్నరు. విప్పి చూస్తె టేపు కింద ఒక దిక్కు ఉబ్బింది, షైనీ. చేతికి వేడి తగిలింది. దాన్ని తీస్కపోయిండ్రు."

షైని నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నన్ను మాఫ్ చెయ్యి. నీ పానం మీదికి తెచ్చిన."

"తెచ్చింది నువ్వే, ఆపనీకి ఉరికొచ్చింది నువ్వే. కావాల్నంటె చెప్పకపోదువు." ఆగాడు. "ఇంకో సంగతి. కాయితం రాసిస్తె విమానం ఎక్కనిస్తమన్నరు. ఎవరిచ్చిండ్రు అంటె నీ పేరు రాసిన. నీకేమైతది అని అడిగిండ్రు."

"దోస్తని రాయకపోతివా?"

"కాబోయే భార్య అని రాసిన. సంతకం గూడ వెట్టిన. అబద్ధమైతె ఊకోరంట. ఇప్పుడే చెప్పు, కొట్టేయాల్నా?"

షైని తలెత్తి ఎలీషమ్మ వంక చూసే ధైర్యం చేయలేకపోయింది. అయినా ఫోన్ దగ్గరికి వంగింది.

"కొట్టేయకు," అంది.

ఎలీషమ్మ ఫోన్ లాక్కుంది. "అరేయ్, నాకన్నీ ఇనవడ్డయ్. నువ్వు ముందు సల్లగ పోయి రా. గా కాయితం నిజం జేసే పని నేనూ మీ నాయినా చూస్కుంటం. ఆదివారం చర్చి అయినంక వాళ్లింటికి వోతం."

ఫోన్ పెట్టేశాక షైని అడిగింది. "కోపమొచ్చిందా, ఆంటీ?"

"కోపమెక్కడిది, బిడ్డా? పెట్టెల వెట్టింది నేనే గద. ఈడికి రా, కూసో."

తడి బట్టలతోనే షైని ఆమె పక్కన కూర్చుంది. ఎలీషమ్మ ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది. రెండయింది, విమానం లేచే ఉంటుంది. రెండున్నరయింది. మూడున్నరకు "దిగిన" అని మెసేజ్ వచ్చేదాకా ఆ చేతులు విడిపోలేదు.