నాలుగడుగుల నీళ్ల దొంగ

చెరువు పోయింది.

ఏప్రిల్ 26, శుక్రవారం ఉదయం 6:10కి స్టేషన్‌కు వచ్చిన ఫోన్‌లో ఉన్నవి ఈ రెండు ముక్కలే. ఎస్.ఐ. సుమలత రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే జవాబు.

6:45కి జీపు ఎర్రగుంటపల్లి చెరువు కట్ట ఎక్కింది. కోరుట్ల నుంచి జగిత్యాల పోయే రోడ్డుకు నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉంటుందా ఊరు.

ఫోన్ చేసినవాడు అబద్ధమాడలేదు. నిన్న నీటిమట్టం చూపే గేజీ రాయి మీద నాలుగడుగులున్న నీళ్లు ఇవాళ లేవు. తూముకు ఎదురుగా ఒక మడుగు తప్ప ఉన్నదంతా బురద. అందులో కొంగలు, కొంగల కంటే ఎక్కువగా మనుషులు. తట్టలు, బిందెలు పట్టుకుని చేపలు ఏరుకుంటున్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు!

ఏడుస్తున్నది బుచ్చవ్వ. కట్ట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఏడు బర్లు మేడం. ఏం తాగాలె అవి? నా కన్నీళ్లు తాగాల్నా?"

ఈ ఎండాకాలంలో సుమలతకిది పదకొండో నీళ్ల కేసు. బోరు దగ్గర కొట్లాట, ట్యాంకర్ దగ్గర పగిలిన తల, పైపు కోశాడని అన్న మీద తమ్ముడి ఫిర్యాదు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత జాలి. ఇప్పుడు ఏదీ రావడం లేదు. నోట్‌బుక్ తీసి టైమ్ రాసుకుంది.

సంగతి ఇది. వానలు మొహం చాటేశాయి. యాసంగి వరి పొట్ట దశలోనే ఎండింది. మార్చి 15న ఊరంతా కూర్చుని తీర్మానం చేసింది. తూము బంద్. ఉన్న నీళ్లు పశువులకు, మంచినీళ్ల బావుల్లో ఊట నిలవడానికి మాత్రమే. పొలానికి చుక్క పారించినా పోలీస్ కేసు. తూము గేటు తిప్పే చక్రానికి గొలుసు చుట్టి తాళం వేశారు.

తాళం పగలలేదు. చెవితో తీసి ఉంది. గేటు పూర్తిగా పైకి లేచి ఉంది.

"తాళంచెవి ఎవరి దగ్గర?"

"ఇంకెవలి దగ్గర మేడం, వీని మొలతాడుకే ఉంటది!" అన్నాడొకతను. పేరు సంపత్. ముప్పై ఏళ్లుంటాయి. ఊళ్లో మోటర్ల రివైండింగ్ షాపు అతనిదే. కరువు పుణ్యమా అని రాత్రీ పగలూ పని. అతను చూపించిన మనిషి ఎల్లేశం. ఊరి నీరటి. తూము తిప్పి, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లో వంతు ప్రకారం పంచడం అతని పని. తాత నాటి నుంచీ ఆ ఇంటి పనే.

"ఎల్లేశం, తూము ఎవరు తీసిండ్రు?"

ఎల్లేశం మాట్లాడలేదు.

"ఎప్పుడు తీసిండ్రు?"

చెరువు వైపు చూశాడు.

"నోట్లె నాలుక లేదా? నిన్నే అడుగుతున్న."

"ఇంకొంచెం సేపాగు అమ్మా," అన్నాడు. అంతే. మళ్లీ నోరు మూతపడింది.

"చూసిండ్రా మేడం పొగరు!" సంపత్ గొంతు పెంచాడు. "ముందుగాల లోపలెయ్యుండ్రి. ఇగో, ఆ జనాన్ని గూడ బయటికి పిలువుండ్రి. బురదల కూరుకపోతె ఎవలు జిమ్మేదారి?"

గుంపు ఎల్లేశం మీదికి వచ్చింది. ఎవరో చెయ్యి కూడా ఎత్తారు. హెడ్ కానిస్టేబుల్ మహేందర్ అడ్డం నిలబడ్డాడు. ఎల్లేశం మీద కేసు పెట్టకపోతే ఆ ముసలి ప్రాణానికి ఊరే శిక్ష వేసేలా ఉంది.

"నిన్న పొద్దున తూము మూసే ఉన్నదని గ్యారంటీ ఏంది?"

వీరేందర్ అనే రైతు ఫోన్ చూపించాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో ఫోటో. గురువారం 11:20. చక్రం, గొలుసు, తాళం, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"రోజుకొకరం ఫోటో పెడ్తం మేడం. నిన్న నా వంతు. ఫోటో పెట్టి పెండ్లికి పోయిన."

"ఎవరి పెండ్లి?"

"మా దిక్కు పిల్లదే. మెట్‌పల్లిల. రెండు డీసీఎంలల్ల ఊరంత పోయినం. అచ్చేసరికి పొద్దుగూకింది. బర్లను గూడ పొద్దుగాలనే తాపిండ్రు. మాపటీలి కట్ట దిక్కు ఎవలచ్చిండ్రు?"

"ఊళ్లె ఎవరు మిగిలిండ్రు?"

"ముసలోళ్లు. ఎల్లేశం. గంతే."

వీరేందర్‌ది కాలువ కింద మొదటి పొలం. మార్చిలో నీళ్ల కోసం ఎల్లేశంతో కలబడ్డాడని ఊరంతా చెప్పింది. సుమలత అతన్ని వెంటబెట్టుకుని కాలువ వెంట నడిచింది.

7:05 నుంచి 7:40 దాకా నడిచారు. కాలువ అడుగున కొత్త తడి ఉంది. గట్లకు మాత్రం ఎక్కడా గండి లేదు. పొలాల్లోకి పోయే బోదెలన్నీ మట్టితో మూసినవి మూసినట్టే ఉన్నాయి. వీరేందర్ మడిలో పిడికిలి పట్టేంత నెర్రెలు.

"ఇగ నాకు నీళ్లెందుకు మేడం? ఎండిన వరిల గొర్లను మేపిన. గొర్ల పెంట పండిస్తనా?" అన్నాడు. నవ్వబోయి మానేశాడు.

కాలువ చివర వాగు. నీళ్లన్నీ పోయి ఆ ఇసుకలో ఇంకాయి. అడ్డుకట్ట లేదు. పైపు లేదు. మోటర్ లేదు.

"మరి దొంగ ఏం తీస్కపోయినట్టు మేడం?" మహేందర్ తల గోక్కున్నాడు.

"ఏం తీస్కపోలే. పారబోసిండు."

"పారబోసుడా? గీ కరువుల?"

"అవును. నీళ్లు కావాలన్నోడు పారబొయ్యడు. నీళ్లు ఉండొద్దు అనుకున్నోడే పారబోస్తడు."

ఆ మాట తనకే కొత్తగా వినబడింది. నలభై నాలుగు డిగ్రీల ఎండలో, మూడు మండలాలు మొగులు వైపు చూస్తున్నప్పుడు, ఒక చెరువు ఎండిపోవాలని కోరుకునే మనిషి ఎవరు?

7:55కి మళ్లీ తూము దగ్గరికి వచ్చారు. మెట్ల మీద, నిన్నటి నీటి గీతకు కాస్త పైన, బియ్యం పోసి ఉన్నాయి. పొద్దున్నే చూసింది. అందరూ చూశారు. మహేందర్ దాటుకుని కూడా పోయాడు.

"మైసమ్మకు పెట్టుంటరు మేడం. తూము తీస్తె పెట్టుడు రివాజే."

సుమలత వంగింది. పసుపు కలిపిన బియ్యం. కొత్త రవికె గుడ్డ. రెండు ఎండుకొబ్బరి కుడుకలు. పోకలు, ఖర్జూరపండ్లు, పసుపు కొమ్ములు. ఒక్కోటీ ఐదు.

"మైసమ్మ గుడి ఎక్కడ?"

"ఆ కొసకు. రెండు వందల అడుగులుంటది."

"గుడి ఆ కొసకుంటె బియ్యం ఈడెందుకున్నయి? అమ్మవారికైతె అమ్మవారి ఒళ్లె పోస్తరు. ఇవి నీళ్ల మొకాన పోసిండ్రు. నీ పెండ్లాన్ని అడుగు, ఇవి ఏం బియ్యమో చెప్తది."

మహేందర్ ఇంకోసారి చూశాడు. ముఖం మారింది. "ఒడిబియ్యం."

పెళ్లై అత్తవారింటికి పోయిన బిడ్డ ఒడిలో అమ్మగారింటివాళ్లు పోసే బియ్యం. చెరువుకు పోశారు. అంటే ఎవరి బిడ్డో చెరువులో ఉంది. లేదా ఉందని ఒక తల్లి నమ్ముతోంది.

సుమలత నిటారుగా నిలబడి బురద వైపు చూసింది. ఈసారి ఒక్కొక్కరినే చూసింది. అందరి చేతుల్లో తట్టలున్నాయి. అందరూ వంగి ఏరుతున్నారు. ఒక్క మనిషి చేతిలోనే తట్ట లేదు. మోకాలి లోతు బురదలో, తూముకు ఎదురుగా ఉన్న మడుగు దగ్గర, ఒక పెద్ద వయసు ఆడమనిషి కర్రతో గుచ్చుతూ నడుస్తోంది. కాళ్ల దగ్గర చేప కొట్టుకుంటున్నా చూడటం లేదు.

ఆ మొహం తెలుసు. పేరు గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. పట్టినందుకు సిగ్గేసింది. చాలా రోజుల తర్వాత ఆమెకు కలిగిన మొదటి భావం అదే.

సాయమ్మ. సిరిసిల్ల. మగ్గాల షెడ్డులో కండెలు చుట్టే మనిషి. పోయిన ఏడు ఆగస్టు 22న స్టేషన్‌కు వచ్చింది. ఎర్రగుంటపల్లికి ఇచ్చిన కూతురు స్వప్న మూడు రోజులుగా కనబడటం లేదని, చెరువు వెతికించమని. స్వప్న పంపిందంటూ ఆమె భర్త తన ఫోన్‌లో ఒక మెసేజ్ చూపించాడు. 'భీవండి పోతున్న, నన్ను వెతకకు.' మహారాష్ట్రలోని భీవండికి ఇష్టపూర్వకంగా వెళ్లిపోయిందని రాసి ఫైల్ మూసేశారు. కింద సంతకం సుమలతది.

భర్త పేరు సంపత్.

"మహేందర్, అందరిని తూము కాడికి పిలువు. సంపత్ పక్కన నువ్వు నిలబడు."

8:20. సాయమ్మ తప్ప గుంపంతా మెట్ల దగ్గర చేరింది. సుమలత నెమ్మదిగా మాట్లాడింది. కేసు తేల్చిన గర్వం గొంతులో ఏ కోశానా లేదు.

"నీళ్లు ఏ పొలానికి పోలేదు. చెరువు అడుగు చూడాలని తీసిండ్రు. ఎల్లేశం, ఇప్పుడు చెప్తవా?"

ఎల్లేశం బురద వైపు చూశాడు. మడుగు కూడా నడుముల నుంచి మోకాళ్లకు దిగింది.

"ఇగ చెప్త. నీళ్లు దిగేదాక నోరు తెరువద్దనుకున్న. తెరిస్తె తూము మళ్ల మూయిస్తరు. నిన్న ఒంటిగంటకు నేనే తిప్పిన. సాయమ్మ బియ్యం పోసింది, నేను చక్రం తిప్పిన."

"ఎందుకు?"

"నిరుడు ఆగస్టుల, ఒక మాపటీలి సంపత్ బండి మీద కాలిన మోటర్ తెచ్చిండు ఈడికి. వెనుక ట్రాలీ ఉండె, మీద పరదా కప్పి ఉండె. చెరువు కాడ మోటరెందుకురా అన్న. నీళ్లల్ల దింపి టెస్ట్ చేస్త అన్నడు. కాలిన మోటర్‌ను ఎవడన్న టెస్ట్ చేస్తడా అమ్మా? తెల్లారి మోటర్ లేదు. ఆ పిల్ల లేదు."

"అప్పుడే ఎందుకు చెప్పలే?"

"భయమైంది. మీరు గూడ చెరువు కాడికి రాకపోతిరి. మొన్న సాయమ్మ అచ్చి నా ముంగట కూసున్నది. నీళ్లు గింతకు దిగినయి, ఇంకొంచెమే గదా అన్నది. అప్పటిసంది నాకు నిద్ర లేదు."

"ముసలోనికి మతి పోయింది!" సంపత్ అరిచాడు. "మేడం, ఆమె భీవండిల ఉన్నది. మీరే రాసిండ్రు గద!"

"రాసిన," అంది సుమలత. "పొద్దున అందరు చేపలకు దిగుతుంటె నువ్వొక్కనివే బయటికి పిలిపియ్యమన్నవ్. ఎందుకు సంపత్?"

సంపత్ ఒక అడుగు వెనక్కి వేస్తుండగానే బురదలో కర్ర ఆగింది. ఇనుము తగిలిన చప్పుడు. సాయమ్మ కేక వెయ్యలేదు. కర్ర అక్కడే పాతి, దాన్ని పట్టుకుని నిలబడింది.

నలుగురు దిగారు. 9:05కి బయటపడింది ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటర్. చుట్టూ రాగి వైరు. రివైండింగ్‌కు వాడే సన్న వైరు, పది పోగులు పురి తిప్పి వేసిన ముడి. మోటర్ ఒంటి మీద షాపు నంబరు ఇంకా చదవొచ్చు. వైరు రెండో కొసకు మనిషి పట్టేంత సంచి ఉంది. తట్టలు పట్టుకున్నవాళ్లు చేపల్ని బురదలోనే వదిలేశారు.

సంపత్ పరుగెత్తలేదు. మెట్టు మీద కూలబడ్డాడు.

"మాట మాట పెరిగింది," అన్నాడు. "దొబ్బిన. తలకు తాకింది. మల్ల లేవలే."

మహేందర్ బేడీలు వేశాడు. 11:35కి జగిత్యాల నుంచి అంబులెన్స్ వచ్చింది. 11:50కి వెళ్లిపోయింది.

సుమలత సాయమ్మ పక్కన కూర్చుంది. ఏం అడగాలో తెలియక, తనకు అర్థం కాని ఒకే సంగతి అడిగింది.

"అమ్మా, ఒడిబియ్యం బతికున్న ఆడిబిడ్డకు గద పోస్తరు. ఆమె లేదని తెల్సి ఎట్ల పోసినవ్?"

"నాకెట్ల తెలుస్తది బిడ్డా? మీ కాయిదంల బతికే ఉన్నది గద," అంది సాయమ్మ. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "పెండ్లయి ఐదో ఏడు పడ్డది. పొయ్యాలె గద మరి. మూడుమాట్ల అచ్చిన నీ దగ్గరికి. నువ్వు కుర్సీల కూసుండి రాసుకున్నవ్. తర్వాత నువ్వు చెరువు కాడికి రానే రాలె. వాన పడొద్దని మొక్కుకుంట కూసున్న. ఊరంత పడాలని మొక్కుతుంటె, నేనొక్కదాన్నే పడొద్దని మొక్కిన. పాపమే."

సుమలత లేచి జీపు దగ్గరికి నడిచింది.

నీళ్ల కేసు మిగిలింది. ఊరి తీర్మానం ప్రకారం అది కూడా రాయాలి. జీపు బానెట్ మీద కాగితం పెట్టింది. 'చెరువు నీరు వృథా కావడానికి కారణం' అని రాసి, కింద ఇలా పూర్తి చేసింది: 'గత ఆగస్టు 22న అందిన ఫిర్యాదు మీద చెరువును గాలించకపోవడం. బాధ్యులు: సుమలత, ఎస్.ఐ.'

మహేందర్ భుజం మీదుగా చదివాడు. "మేడం, గిది పైకి పోతది."

"పోనీ."

"నౌకరికి..."

"తెల్సు మహేందర్. స్టాంప్ ప్యాడ్ తే."

వాంగ్మూలం కింద సాయమ్మ వేలిముద్ర కావాలి. ఆమె మోచేతుల దాకా బురద, ఎండి పెచ్చులు కట్టింది. ముద్ర పడాలంటే చెయ్యి కడగాలి. మహేందర్ అటూ ఇటూ చూశాడు. ఎక్కడా చుక్క లేదు.

బుచ్చవ్వ లేచింది. ఇంటికి పోయి చెంబుతో వచ్చింది. తాగే నీళ్లు.

"పట్టు చెల్లె, చేతులు పట్టు," అంది.

సాయమ్మ రెండు చేతులూ పట్టింది. బుచ్చవ్వ చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది.